టూసాన్ లూవెర్త్యూర్

కరిబియను సముద్రమున క్యూబాకు తూర్పుగా హిస్పానియోలా అను పెద్ద ద్వీపము కలదు. దాని పడమటి మూడవపాలు నేటి హైతీ దేశము. పదునెనిమిదవ శతాబ్దమున అది ఫ్రాన్సువారి వలసరాజ్యము. దానిని వారు సాన్ డొమింగ్ అని పిలుచుచుండిరి. ద్వీపమున మిగిలిన తూర్పుభాగము స్పెయినువారి అధీనమున నుండెను. సాన్ డొమింగ్ విస్తీర్ణమున చిన్నదే యైనను, సంపదలో దానితో తులతూగు వలసరాజ్యము ఆ కాలమున మఱియొకటి లేదు. ఐరోపావారు త్రాగు కాఫీలో సగమునకు పైగా, వాడు పంచదారలో ఇంచుమించు ఐదింట రెండుపాళ్లు ఆ నేలనుండియే ఎగుమతి యగుచుండెను. నాంట్, బోర్డో మొదలగు ఫ్రెంచి రేవులలోని వర్తకుల మేడలు పెక్కు ఆ ధనముతో లేచినవే.

ఆ సంపదకు మూలము బానిసల చాకిరి. ఆఫ్రికా పడమటితీరమున మనుష్యులను కొని, ఓడల అడుగుభాగమున గొలుసులతో బంధించి, సముద్రము దాటించి, రేవులలో పశువులవలె అమ్ముచుండిరి. చెఱకు పంట చేతికి వచ్చు నెలలలో గానుగలు రాత్రింబగళ్లు తిరుగుచుండెడివి. నిద్రమత్తున బానిస చేయి గానుగలో పడినచో వెంటనే ఆ చేతిని నఱికి ప్రాణము నిలుపుటకై ప్రక్కనే గొడ్డలి యుంచుట కొన్ని తోటలలో ఆచారము. పుట్టువారికంటె చచ్చువారే అధికులగుటచే ఏటేట వేలకొలది క్రొత్తవారిని తెచ్చుచుండిరి. 1789 నాటికి అక్కడ బానిసలు సుమారు 5 లక్షలు. తెల్లవారు 30 వేలకు కొంచెము పైమాట. ఈ రెండు వర్గములకు నడుమ, తెల్లవారికిని నల్లవారికిని కలిగిన సంతతియు, విడుదల పొందిన నల్లవారును చేరిన స్వతంత్రుల వర్గమొకటి యుండెను. వీరి సంఖ్య ఇంచుమించు తెల్లవారి సంఖ్యయే. వీరిలో కొందఱు తోటలును బానిసలును గలవారు. ఐనను ఉద్యోగములందును మర్యాదలందును తెల్లవారితో సమానముగా నుండుటకు చట్టము వీరి నంగీకరింపలేదు.

క్రొత్తగా పుట్టిన రాజ్యములలో కొన్ని త్వరలోనే నిలదొక్కుకొనును. కొన్ని తరములు గడచినను తూలుచునే యుండును. హైతీ రెండవ తెగకు చెందినది. దాని కష్టములకు కారణము లెఱుగవలెనన్న, రాజ్యము పుట్టుటకు ముందు ఆ నేలపై ఏమి లేకుండెనో చూడవలెను. అక్కడి బానిసలలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలో పుట్టినవారు. ఒకరి భాష ఒకరికి తెలియని పలు తెగలవారు. తోటలలో కలిసి పనిచేయుటచే వారికొక ఉమ్మడి మాట యేర్పడెను గాని, కూడి యాలోచించుటకు సభ గాని, తగవు తీర్చుటకు పెద్దలు గాని, పిల్లలకు బడి గాని యేర్పడనీయలేదు. ప్రభుత్వమనగా వారెఱిగినవి కొరడా, తుపాకి మాత్రమే. తెల్లవారిలోనైన ఐకమత్యము కలదా యనిన అదియు లేదు. పెద్దతోటల యజమానులకును, పట్టణములలోని చిల్లర వృత్తులవారికిని ఉప్పునిప్పుగా నుండెను. ఇట్టి సమాజమునుండి ఒక రాజ్యమును నిర్మింపవలసిన భారము ఒక గుఱ్ఱపుబండి తోలువానిపై పడెను.

అతడే టూసాన్. కాప్ పట్టణమునకు సమీపమున బ్రేడా అను తోటయందు సుమారు 1743లో అతడు బానిసదంపతులకు జన్మించెను. తండ్రి ఆఫ్రికాలో ఒక తెగ నాయకుని కుమారుడని వారి కుటుంబమున చెప్పుకొనెడివారు. బాల్యమున టూసాన్ మిక్కిలి సన్నగా, బలహీనముగా నుండుటచే అతనిని కట్టెపుల్ల యని ఎగతాళి చేసెడివారట. పట్టుదలతో అతడు శరీరమును గట్టిపఱచుకొని, గుఱ్ఱపుస్వారిలో ఆ ప్రాంతమున తనకు సమానుడు లేడనిపించుకొనెను. మూలికల గుణములు తెలిసికొని పశువులకును మనుష్యులకును వైద్యము చేయుచుండెను. తోట మేనేజరైన బయోన్ డ లిబర్తా అతని నెమ్మదిని, నమ్మకమును చూచి తన బండి తోలుటకు నియమించెను. 1776 నాటికి టూసాన్ బానిసత్వమునుండి విడుదల పొందియుండెను. పెద్దవాడైన పిమ్మటనే చదువను వ్రాయను నేర్చెను. అతని స్వహస్తలిఖితములలో అక్షరదోషములు కడవఱకు పోలేదు. కాని రాజ్యమేలు కాలమున పలువురు లేఖకులను కూర్చుండబెట్టుకొని, ఒక్కొక్క జాబును తన భావము సరిగా వచ్చువఱకు తిరుగవ్రాయించెడివాడు.

విడుదల పొందిన కొలదికాలమునకు, 1779లో, అతడొక కాఫీతోటను అందలి బానిసలతో సహా కౌలునకు తీసికొనెను. ఈ సంగతి ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున బయటపడిన దస్తావేజులవలన లోకమునకు తెలిసినది. బానిసగా పుట్టినవాడు బానిసలచే పని చేయించెననుట వినుట కింపుగా లేదు. ఐనను దానిని దాచుట తగదు. అతని తరువాతి నడవడికి అది కొంత వెలుగు చూపును. నేల పండవలెనన్నచో పెద్దతోట యుండవలెననియు, అందు మనుష్యులు ఒక ఆజ్ఞకు లోబడి జట్లుగా పనిచేయవలెననియు అతనికి గట్టి నమ్మకము. పాలకుడైన పిమ్మటను ఆ నమ్మకమతనిని విడువలేదు.

1789లో ఫ్రాన్సున విప్లవము చెలరేగెను. మనుష్యులందఱును పుట్టుకచే స్వతంత్రులని ప్యారిసులో వెలువడిన ప్రకటన సముద్రము దాటి వచ్చెను. సాన్ డొమింగ్‌లోని తెల్లవారు అది తమకే వర్తించుననుకొనిరి. స్వతంత్రవర్గమువారు తమకును వర్తించుననిరి. ఈ తగవులో ఇరువురును బానిసల సంగతి మఱచిరి. 1791 ఆగష్టు 22వ తేదీ రాత్రి ఉత్తరపు మైదానమున బానిసలు తిరుగబడిరి. కొలదివారములలో వందలకొలది తోటలు బూడిదయయ్యెను. ఇరువైపుల జరిగిన క్రౌర్యమునకు మేర లేదు. అప్పటికి టూసాన్‌కు ఏబదియేండ్లు సమీపించుచుండెను. అతడు వెంటనే తిరుగుబాటులో దుమికినవాడు కాడు. బయోన్ భార్యను క్షేమమైన చోటికి పంపి, తన భార్య సుజానును, పిల్లలను స్పెయినువారి భాగమునకు చేర్చి, అటుపిమ్మట తిరుగుబాటుదారుల శిబిరమున వైద్యుడుగా ప్రవేశించెను.

ఆ సంవత్సరాంతమున నాయకులు సంధికి ప్రయత్నించిరి. కొలదిమంది ముఖ్యులకు స్వేచ్ఛ యిచ్చినచో, తక్కిన జనమును తోటలకు మరల పంపుటకు వారు సిద్ధపడిరి. ఆ రాయబారమున టూసాన్ కూడ పాల్గొనెను. తోటల యజమానుల సభ అహంకారముతో దానిని త్రోసిపుచ్చెను. అందఱికిని స్వేచ్ఛ రానిదే ఎవ్వరికిని అది నిలువదని టూసాన్ గ్రహించినది అప్పుడేయని చరిత్రకారులు తలంతురు.

1793లో స్పెయిను, ఇంగ్లండు దేశములు ఫ్రాన్సుతో యుద్ధమునకు దిగెను. తిరుగుబాటునాయకులతోపాటు టూసాన్ స్పెయిను సేనలో చేరి, చెల్లాచెదరుగా నున్న జనమును ఏర్చి కూర్చి, కవాతు నేర్పి, కొలదికాలములోనే క్రమశిక్షణ గల దండును సిద్ధపఱచెను. లూవెర్త్యూర్ అను బిరుదునామమును అతడు ధరించినది ఆ సంవత్సరముననే. ఫ్రెంచిభాషలో దానికి తెరపు, ద్వారము అని యర్థము. ఇంతలో 1794 ఫిబ్రవరి 4వ తేదీన ప్యారిసులోని ప్రజాప్రతినిధిసభ ఫ్రెంచి వలసరాజ్యము లన్నిటను బానిసత్వమును రద్దుచేసెను. స్పెయిను, ఇంగ్లండులు తాము గెలిచిన చోట్ల బానిసత్వమును నిలుపుచుండెను. టూసాన్ కొన్ని నెలలలో సుమారు 4 వేల సైనికులతో ఫ్రాన్సు పక్షమునకు మరలెను. నాలుగేండ్లు పోరాడి 1798లో ఇంగ్లీషువారిని దీవినుండి పంపివేసెను. ఈ విషయమున పీతజ్వరము కూడ అతనికి గొప్ప సహాయము చేసెను. ఫ్రాన్సునుండి తనపై పెత్తనమునకు వచ్చిన అధికారులను ఒకరి తరువాత నొకరిని, ఎంతో మర్యాదగనే, తిరుగుఓడ యెక్కించెను. దక్షిణభాగమున స్వతంత్రవర్గపు సేనాని రిగో అతనికి లోబడనందున 1799, 1800 సంవత్సరములలో ఘోరమైన అంతర్యుద్ధము జరిగెను. టూసాన్ గెలిచెను, కాని నల్లవారికిని మిశ్రవర్ణులకును నడుమ ఆ యుద్ధము రగిల్చిన పగ తరతరములు చల్లారలేదు. 1801 జనవరిలో స్పెయినువారి భాగమును కూడ అతడు స్వాధీనము చేసికొని, ద్వీపమంతటికిని అధిపతియయ్యెను.

ఇక రాజ్యమును నిలుపుట మిగిలెను. యుద్ధములు గెలుచుటకంటె ఇది యెంతో కష్టమాయెను.

పదియేండ్ల పోరాటమున గానుగలు విఱిగినవి, కాలువలు పూడినవి, తోటలు అడవులైనవి. ఖజానాలో ధనము లేదు. ఫ్రాన్సున అధికారము నెపోలియన్ బొనాపార్టు చేతికి వచ్చెను. అతడు ఏనాడైనను బానిసత్వమును మరల తెచ్చునను భయము టూసాన్‌కు కలదు. ఆ భయము నిరాధారము కాదని తరువాత ఋజువాయెను. కావున సుమారు 20 వేల సేనను నిలిపియుంచవలెను. సేనకు తుపాకులు, మందుగుండు కావలెను. వానిని అమెరికా వర్తకులు తెచ్చి యమ్ముదురు. బదులుగా పంచదార, కాఫీ యడుగుదురు. కాఫీచెట్లను ఒక కుటుంబము తన పెరటిలో పెంచుకొనగలదు. చెఱకు సంగతి అట్లు కాదు. కోసిన చెఱకు ఎండిపోకముందే గానుగ కెక్కవలెను. రసము పులియకముందే పొయ్యి కెక్కవలెను. అందులకు ఒకేచోట వందలమంది చేతులు కావలెను.

ఆ చేతులు గలవారి కోరిక వేఱు. స్వేచ్ఛ యనగా వారికి కొండవాలున ఒక చిన్న చెక్క. అందులో అరటి, కఱ్ఱపెండలము, చిలగడదుంప. వాకిట నాలుగు కోళ్లు, ఒక పంది. పొద్దు పొడిచినది మొదలు క్రుంకువఱకు తమ కాలము తమది. బానిసత్వకాలమున కూడ తోటయంచున తమ తిండికై వారు సాగుచేసికొను చిన్న మళ్లుండెడివి. ఆ మళ్లే వారికి తెలిసిన స్వేచ్ఛ. యుద్ధకాలమున పెక్కుమంది కొండలకు పోయి అట్టి మళ్లను వేసికొనిరి కూడ.

1800 అక్టోబరులో టూసాన్ ఒక శాసనము చేసెను. దాని ప్రకారము తోటలలో పనిచేయు జనము సైనికులవంటివారు; అనుమతిపత్రము లేక తోటను విడిచినవాడు దండునుండి పాఱిపోయినవానివలె శిక్షార్హుడు. పనివారికి పంటలో నాలుగవవంతు చెల్లింపవలెను. కొరడా వాడరాదు. ఇందు పాతకాలముకంటె మేలున్నదనుట నిజమే. మనిషిని అమ్ముట లేదు, బిడ్డను తల్లినుండి వేఱుచేయుట లేదు. కాని తెల్లవారుజామున తోటగంట మ్రోగుట మానలేదు. కొరడా బదులు బెత్తము వచ్చెను. తోటలను కౌలునకు తీసికొనినవారెవరు? టూసాన్ సేనానులే. వారిలో కొందఱి చేతిక్రింద పదులకొలది తోటలుండెను. పాఱిపోయిన తెల్లయజమానులను కూడ, తోటలు నడుపుట తెలిసినవారని, టూసాన్ తిరిగి పిలిపించి వారి భూములు వారి కిచ్చెను.

1801 ఫిబ్రవరిలో మఱియొక శాసనము వెలువడెను. ఏబది కారోలకు, అనగా సుమారు 160 ఎకరములకు, తక్కువగా భూమి కొనుట అమ్ముట నిషిద్ధము. ఇద్దఱు ముగ్గురు కుటుంబములవారు కూడి, కూడబెట్టిన డబ్బుతో చిన్నకమతము కొనుక్కొనుటకు మొదలిడియుండిరి. ఆ దారి మూసికొనిపోయెను. అతని రాజ్యమునకు ఇదియే గొడ్డలిపెట్టు. రైతునకు భూమి నిచ్చి అతనినుండి పన్ను తీసికొనుటయను మార్గము లేకపోలేదు. కాని తుపాకులు ఆ యేడే కావలెను. చిన్నరైతుల పన్ను ఖజానాను నింపుటకు ఎన్నియో యేండ్లు పట్టును. శత్రువు వాకిట నిలిచియున్నపుడు పాలకుడు దూరపు లాభమును విడిచి దగ్గఱి ఆదాయమును పట్టుకొనుట వింత కాదు. ఐనను ఎవరి బలముతో ఆ రాజ్యము నిలువవలెనో, వారికి అందులో జానెడు నేల దక్కలేదు.

అతని పాలనలో మంచి లేకపోలేదు. బాటలు బాగుపడినవి, రేవులలో సుంకములు క్రమపడినవి, న్యాయస్థానములు, కొన్ని పాఠశాలలు వెలసినవి. కాఫీ ఎగుమతి తేఱుకొనసాగెను. టూసాన్ స్వయముగా అలుపెఱుగనివాడు. రాత్రివేళ రెండుమూడు గంటలు నిద్రించెడివాడట. గుఱ్ఱముపై ఒక్కదినమున నూఱుమైళ్లు పోగలడని చెప్పుకొనెడివారు. ఉదయ మొకచోట నున్నాడని విన్న అధికారి, సాయంకాల మతనిని తన వాకిట చూచి కలవరపడెడివాడు. కాని అతడు లేనిచోట అతని మాటను నడుపుటకు ఒక సభ గాని, ప్రజలు నమ్మిన మఱియొక వ్యవస్థ గాని ఏర్పడలేదు. రాజ్యమంతయు అతని గుఱ్ఱపు జీనుపై నుండెననవచ్చును.

1801 జూలైలో ప్రకటించిన రాజ్యాంగము ఈ స్థితికి శాసనరూప మిచ్చెను. బానిసత్వము శాశ్వతముగా రద్దయినదని అది చాటెను. టూసాన్ యావజ్జీవము గవర్నరుగా నుండును. తన వారసుని తానే నియమించును. దానిని వ్రాసిన చిన్నసభలో, బానిసత్వమునుండి విడుదలైనవా డొక్కడును లేడు. వెన్సాన్ అను ఫ్రెంచి కర్నలు టూసాన్‌కు మిత్రుడు. రాజ్యాంగమును బొనాపార్టు కందించు పని టూసాన్ అతని కప్పగించెను. ఫ్రాన్సు సమ్మతి రాకముందే అది అచ్చుపడినదని చూచి వెన్సాన్ నివ్వెఱపోయి, ఇది యుద్ధమును పిలుచుకొని వచ్చుటయేయని చాల చెప్పిచూచెను. టూసాన్ వినలేదు.

టూసాన్ మేనల్లునిగా పెంచుకొనిన మోయీజ్ అను యువకుడు ఉత్తరభాగమునకు సేనాని. యుద్ధమున ఒక కన్ను పోగొట్టుకొనిన వీరుడు. తోటల శాసనమును కఠినముగా నడుపుట కతనికి మనసొప్పలేదు. తెల్లయజమానుల కొఱకు తనవారిని శిక్షింపజాలననియు, సైనికులకు, పనివారికి భూములు పంచవలెననియు అతని అభిప్రాయము. ఇది జనమున ప్రాకెను. 1801 అక్టోబరులో ఉత్తరమున తోటజనము తిరుగబడి, మోయీజ్ పేరు తలంచుచు అనేకమంది తెల్లవారిని చంపిరి. పదియేండ్ల క్రిందట ఏ మైదానమున తిరుగుబాటు పుట్టినదో, ఆ మైదానముననే టూసాన్ దానిని రక్తపాతముతో అణచెను. మోయీజ్ స్వయముగా తిరుగుబాటు నడిపెనని నిశ్చయముగా తేలలేదు. ఐనను అతనికి తన మాట చెప్పుకొను అవకాశమైన సరిగా ఈయక మరణశిక్ష విధించిరి. తుపాకిగుండ్లకు అతడు నిర్భయముగా ఎదురు నిలిచి ప్రాణము విడిచెను. అటుతరువాత టూసాన్ శాసనములు ఇంకను కఠినమయ్యెను. ప్రతివాడును తన పనిచోటు తెలుపు పత్రమును దగ్గఱ నుంచుకొనవలసివచ్చెను. సేనలోను తోటలోను ఉన్న సామాన్యులకు అతనిపై ప్రేమ తగ్గి, భయము మిగిలెను.

రెండు నెలలు గడచెనో లేదో, 1802 జనవరి చివర, ఫ్రెంచి ఓడలు తీరమున కనబడెను. ఇంగ్లండుతో సంధి కుదురుటచే బొనాపార్టునకు సముద్రమార్గము తెరచుకొనెను. అతడు తన బావమఱది లెక్లేర్ నాయకత్వమున సుమారు 20 వేల సైన్యమును పంపెను. కాప్ పట్టణమున నున్న సేనాని క్రిస్టఫ్, శత్రువునకు కొంపయైన దక్కరాదని, తన యింటితో మొదలిడి పట్టణమంతయు కాల్పించెను.

లెక్లేర్ వెంట టూసాన్ పిల్లలు ఇసాక్, ప్లాసీద్ అనువారు వచ్చిరి. వారు కొన్నియేండ్లుగా ఫ్రాన్సున చదువుచుండిరి. బొనాపార్టు వారిని ఆదరముగా చూచి, తండ్రికొక జాబు నిచ్చి, ఉపాధ్యాయునితో కూడ పంపెను. ఎన్నెరీ గ్రామమున రాత్రివేళ తండ్రి పిల్లలను కౌగిలించుకొని కన్నీరు పెట్టెను. లొంగినచో గౌరవము, పిల్లలు, లేనిచో యుద్ధము. టూసాన్ లొంగలేదు. ఏ పక్షమును వరింతురో మీరే నిశ్చయించుకొనుడని పిల్లలకే విడిచెను. ఇసాక్ అతని సొంతకుమారుడు. తనను పెంచి చదివించిన ఫ్రాన్సుపై కత్తి యెత్తజాలననెను. ప్లాసీద్ సుజాను తొలిసంతానము, టూసాన్‌కు కన్నకొడుకు కాడు. అతడు తండ్రివెంట నిలిచెను.

యుద్ధము మూడు నెలలు సాగెను. క్రెట్ ఆ పియెర్రో అను కొండకోటకడ డెస్సాలీన్ అను సేనాని చూపిన పరాక్రమమును ఫ్రెంచివారే మెచ్చుకొనిరి. కాని 1791లో కొడవళ్లతో లేచిన జనము ఈసారి చాలచోట్ల లేవలేదు. ఎవరు గెలిచినను తోటగంట తప్పదని వారనుకొనియుండవచ్చును; ఐదు నెలల క్రిందట మోయీజ్ కొఱకు లేచినవారి గతి వారు కన్నులార చూచియుండిరి. సేనానులు కూడ పదవులు, తోటలు నిలుపుదుమను మాట నమ్మి లెక్లేర్ పక్షము చేరసాగిరి. ఏప్రిలులో క్రిస్టఫ్ లొంగెను. మే నెలలో టూసాన్ సంధి చేసికొని ఎన్నెరీలోని తన తోటకు మరలెను. జూన్ 7వ తేదీన ఒక ఫ్రెంచి సేనాని ముచ్చటించుటకని అతనిని పిలిపించి, వచ్చినవానిని బంధించి, కుటుంబముతో సహా ఓడ యెక్కించెను.

ఫ్రాన్సునకు తూర్పున, మంచు కురియు జూరా కొండలలో, జూ అను పాతకోట కలదు. టూసాన్‌ను అందొక చీకటిగదిలో నుంచిరి. భార్యాబిడ్డలను వేఱుచేసిరి. తన సేవలను వివరించుచు, న్యాయవిచారణ కోరుచు అతడు బొనాపార్టునకు దీర్ఘమైన విన్నపము వ్రాసెను. సమాధానము రాలేదు. చలికాలము వచ్చుకొలది వంటకట్టెలు, ఆహారము తగ్గించిరి. కాగితము, కలము కూడ తీసికొనిరి. ఉష్ణదేశమున పుట్టిన ఆ వృద్ధుడు దగ్గుతో కృశించి, 1803 ఏప్రిల్ 7వ తేదీన పొయ్యిప్రక్క కుర్చీలో కూర్చుండి మరణించియుండుట కావలివారు చూచిరి. అతని అస్థికలు ఎక్కడ కలిసిపోయెనో తెలియరాలేదు.

అతడు చెఱలో నుండగనే, ఫ్రాన్సువారు గ్వాడెలూప్ దీవిలో బానిసత్వమును మరల నెలకొల్పిరను వార్త సాన్ డొమింగ్‌కు చేరెను. లేవని జనము ఇప్పుడు లేచెను. చరిత్రలో పేరు నిలువని చిన్ననాయకులు కొండలలో మొదట పోరు సాగింపగా, డెస్సాలీన్, క్రిస్టఫ్ మున్నగు సేనానులు పిమ్మట వచ్చి కలిసిరి. లెక్లేర్ పీతజ్వరమునకు బలియయ్యెను. 1803 నవంబరులో ఫ్రెంచిసేన ఓడిపోయెను. 1804 జనవరి 1వ తేదీన డెస్సాలీన్ స్వాతంత్ర్యమును ప్రకటించి, దేశమునకు ఆదివాసుల భాషలోని హైతీ అను పేరు నిలిపెను. బానిసలు తిరుగబడి తమ రాజ్యమును తాము స్థాపించిన ఉదాహరణము లోకచరిత్రలో ఇది యొక్కటే.

కాని రాజ్యము టూసాన్ విడిచిన రూపముననే పుట్టెను. ఉన్న వ్యవస్థ సేన యొక్కటే. కావున సేనానియే పాలకుడు, పాలకుని మార్చు సాధనము తుపాకియే. చక్రవర్తియైన డెస్సాలీన్ తోటల కట్టుబాటును కొనసాగించి, 1806లో తన సేనానుల చేతనే హతుడయ్యెను. దేశము రెండయ్యెను. ఉత్తరమున క్రిస్టఫ్ రాజై పెద్దతోటలను బలవంతముగా నడిపి, కొండశిఖరమున మహాదుర్గమును కట్టించి, 1820లో జనము తిరుగబడగా తన్ను తాను కాల్చుకొనెను. దక్షిణమున పేతియాన్ భూములను పంచిపెట్టి ప్రజల ప్రేమ పొందెను. ఖజానా మాత్రము ఖాళీ యయ్యెను. రెండు భాగములను కలిపిన బోయే 1826లో రైతును తోటకు కట్టివేయు శాసనమును మరల తెచ్చెను. దానిని రైతులు లెక్కచేయక కొండల కెక్కిరి. 1843లో అతడు పదవీచ్యుతుడైనది మొదలు 1915 వఱకు ఇరువదిమందికి పైగా పాలకులు మాఱిరి. తమ గడువు నిండువఱకు శాంతిగా పాలించినవారు అరుదు. 1915లో అమెరికా సేనలు దిగి 1934 వఱకు దేశమును తమ చేతిలో నుంచుకొనెను.

బయటివారి పగ తక్కువది కాదు. బానిసలు గల దేశములకు హైతీ పేరే భయము. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1862 వఱకు దానిని గుర్తింపలేదు. 1825లో ఫ్రాన్సు రాజు పదవ చార్లెసు యుద్ధనౌకలను పంపి, పూర్వపు తోటలయజమానులకు నష్టపరిహారముగా 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించినగాని స్వాతంత్ర్యము నంగీకరింపననెను. బోయే సమ్మతించెను. మొదటి వాయిదా చెల్లించుటకే ప్యారిసు బ్యాంకుల వద్ద 3 కోట్ల ఫ్రాంకులు అప్పు చేయవలసివచ్చెను. అందులో ఖర్చులు, లాభములు పోగా చేతికి వచ్చినవి 2 కోట్ల 40 లక్షలు. 1838లో మొత్తమును 9 కోట్లకు తగ్గించిరి గాని అప్పుమీద అప్పు పెరుగుచునే యుండెను. దానిని తీర్చుటకు ప్రభుత్వమునకు దొరకిన ముఖ్యమైన ఆదాయము కాఫీపై సుంకము. పెద్దతోటలను విడిచి కొండలకు పోయిన రైతులు తమ చిన్నమళ్ల ప్రక్క పెంచుకొన్న చెట్ల కాఫీ యది. తాతలు గెలిచిన స్వేచ్ఛకు మనుమలు, మునిమనుమలు ఆ గింజలతో వెల చెల్లించిరి. ఆ అప్పులలో కడపటిది తీఱినది 1947లో.